ఒంగోలు గిత్తకి బెదురు గొడ్డని పేరెలా వచ్చింది?

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

సంతలో గొడ్డుని బేరం చేసేటప్పుడు మనం ముందు పళ్ళు చూస్తాం, ఆ తర్వాత అడిగేది "పొడిచిద్దా, తన్నిద్దా?" అని. మాంసం కోసం వందలు, వేల గొడ్లని పెంచే దేశాల్లో కూడా ఇదే ప్రశ్న. అక్కడ ఏ జాతి సాధువు, ఏ జాతి బెదురు అని లెక్కలు కట్టి పెట్టుకున్నారు. ఆ లెక్కలో మన ఒంగోలు రక్తం బెదురు వరసలో ఉంది. ఇది వింటే మనకి ఆశ్చర్యమే. పదేళ్ళ పిల్లాడు పలుపు పట్టుకుని చెరువుకి తోలుకెళ్ళిన జాతి కదా అది!

ముందు అక్కడికి ఎలా వెళ్ళిందో చెబుతా. 1868లో ఇంగ్లండుకి పోయే ఓడ బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగితే, అందులోని రెండు ఒంగోలు పశువులు అక్కడే అమ్ముడుపోయాయని బ్రెజిల్ పెంపకందార్లు చెప్పుకుంటారు. 1960ల మొదట్లో మళ్ళీ మన గిత్తలు వెళ్ళాయి. వాటిలో మన కరవది పేరు మోసిన గిత్త సంతతి ఆ దేశమంతా పాకింది. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, అందుకే అక్కడ ఈ జాతి పేరు 'నెలోర్'. ఇవాళ బ్రెజిల్‌లో 20 కోట్ల పైచిలుకు పశువులుంటే, మాంసం మందల్లో ఎక్కువ భాగం ఈ రక్తమే. అమెరికాలో గిర్, గుజరాత్ కాంక్రేజ్, కృష్ణా లోయ జాతులతో మన ఒంగోలు రక్తం కూడా కలిసి 'బ్రాహ్మన్' అనే జాతి తయారైంది. 1924లో దానికి సంఘం కూడా పెట్టుకున్నారు.

ఇప్పుడు పోలిక చూడండి. ఇంగ్లండులో పుట్టిన హెర్‌ఫర్డ్, ఎర్ర ఒళ్ళు, తెల్ల మొహం, మహా నిదానం. స్కాట్లండు ఆంగస్, నల్లగా ఉండి కొమ్ములుండవు, హెర్‌ఫర్డ్ కన్నా కాస్త చురుకంటారు. ఫ్రాన్సు లిమోసిన్‌కి బెదురు గొడ్డని పేరుండేది. బ్రాహ్మన్, నెలోర్ అయితే కొత్త మనిషిని చూస్తే చెవులు నిక్కించి కంచె దాకా పరిగెత్తుతాయి, దూడ దగ్గరికి ఎవర్నీ రానివ్వవు. అమెరికాలో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1997లో అచ్చేసిన పరిశీలనలో కూడా మూపురం జాతుల రక్తం కలిసినవి ఎక్కువ అలజడి పడ్డాయి. బెదురు గొడ్లు రోజువారీ బరువు తక్కువ పెరిగాయని కూడా తేలింది. అంటే బెదురు వల్ల డబ్బు పోతుంది.

ఇక్కడ ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. లిమోసిన్ కూడా ఒకప్పుడు దుక్కి జాతే. ఫ్రాన్సులో నాగలికి కట్టి దున్నిన ఎద్దులే అవి. మన ఒంగోలూ అంతే. దూడప్పుడే మెడకి పలుపు, ఈడొచ్చాక ముకుతాడు, ఆ తర్వాత ముదురు ఎద్దు పక్కన కాడి కింద నడక. పొద్దున కుడితి పెట్టేది మనిషి, సాయంత్రం వాగులో ఒళ్ళు రుద్దేది మనిషి. మరి అక్కడో? వేల ఎకరాల బీట్లో దూడ పుడుతుంది. ఏడాదికి రెండు మూడుసార్లు మనిషి కనబడతాడు. కనబడినప్పుడల్లా సూది, వాత, కొమ్ము కోత. ఆ గొడ్డు మనిషిని చూసి బెదరక ఏం చేస్తుంది చెప్పండి?

రక్తం పని లేదని నేననను. లిమోసిన్ పెంపకందార్లు 1990ల నుంచి ప్రతి గొడ్డుకీ గుణానికి 1 నుంచి 6 దాకా మార్కు వేశారు. 1 అంటే సాధువు, 6 అంటే మీద పడేది. సాధు గిత్తల్నే విత్తనానికి ఉంచుకుంటూ పోయేసరికి ఆ జాతి పేరే మారింది. గుణంలో తేడాల్లో సుమారు 40 శాతం రక్తం వల్లేనని వాళ్ళ లెక్క. మిగతాది పెంపకం, చుట్టూ ఉన్న పరిస్థితి. బ్రాహ్మన్‌నే దూడప్పటి నుంచి చేత్తో సాకితే చిన్న పిల్లలు తాడు పట్టి ప్రదర్శనల్లో నడిపిస్తారు. ఇవి తెలివైన జాతులు, చేసిన మంచీ గుర్తుంటుంది, కొట్టిన దెబ్బా గుర్తుంటుంది. బ్రెజిల్‌లో కూడా కొందరు ఇప్పుడు పుట్టిన దూడని చేత్తో నిమరడం మొదలుపెట్టారు. మన అమ్మమ్మలు రోజూ చేసిన పనే అది.

ఇంకో ముచ్చట. మన పెద్దలు గొడ్డు సుడులు చూసేవారు కదా. వాళ్ళు చూసింది అదృష్టం కోసం. 1990లలో అమెరికాలో కొందరు నుదుటి సుడి ఎక్కడుందో కొలిచారు. కళ్ళకి పైన సుడి ఉన్నవి ఎక్కువ అలజడి పడ్డాయట.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ట్రాక్టరొచ్చాక మన కొట్టాల్లోనూ బ్రెజిల్ బీడే తయారవుతోంది. కోడెదూడని ఓ మూల గుంజకి కట్టేస్తున్నాం, మేత విసిరేసి వెళ్ళిపోతున్నాం. కాడి లేదు, నడక లేదు. రెండేళ్ళ తర్వాత దానికి సూది వేయించాలంటే నలుగురు కావాలి. ఎగిరి తంతే "ఒంగోలు జాతికి పొగరు" అంటున్నాం. అలాంటి గిత్తని సంతలో సేద్యగాడు కొనడు, సగం ధరకి ఎవరో ఒకరు తోలుకుపోతారు. ఆ జాతి మన ఊళ్ళలో అలాగే తరిగిపోతోంది.

కాడి లేకపోయినా పలుపుంది. దూడ పుట్టిన వారం నుంచి రోజూ కాసేపు ఒళ్ళు నిమరండి. గిట్టలు ఎత్తి చూడండి, చెవులు ముట్టుకోండి. పాలు మరిచే నాటికి తాడుతో నడవడం నేర్పండి. ఆవుని కట్టించేటప్పుడు ఆంబోతు ఎత్తూ, మూపురమే కాదు, దాని గుణం కూడా అడగండి. మీ కొట్టంలో సాధు గొడ్డు ఉంటే దాన్ని ఎలా పెంచారో కింద రాయండి, కొత్తగా గొడ్లు పెట్టుకున్న కుర్రాళ్ళకి పనికొస్తుంది.