దప్తరములును ప్రజల దర్శనాధికారమును

వైయాకరణునకు ప్రయోగమెట్టిదో చరిత్రకారునకు ప్రభుత్వ దప్తరములోని పత్రమట్టిది. ప్రయోగము చూపక చెప్పిన సూత్రమును పండితు లంగీకరింపరు. పత్రము చూపక చెప్పిన చరిత్రమును నట్లే. కావున పత్రమును కోరినవారెల్ల చూడగలుగుట చరిత్రరచనకు మొదటి యవసరము.

శాంతిపుర ప్రాంతమున గ్రామచరిత్రము వ్రాయబూనువానికి గలుగు ప్రయాస మిందుకు నిదర్శనము. పొరుగుననున్న కుప్పము కంగుంది జమీనులోనిది. కంగుంది, పుంగనూరు జమీనులు పూర్వ ముత్తరార్కాటు మండలమునకును, మదనపల్లె తాలూకా కడప మండలమునకును చేరియుండెను. 1911వ సంవత్సరమున చిత్తూరు మండల మేర్పడినప్పు డివి యేకమయ్యెను. 1953లో ఆంధ్రరాష్ట్రము వేఱుపడుటచే సీమ యిచ్చటను, ఉత్తరార్కాటు పూర్వపత్రములు చెన్నపట్టణమునను నిలిచిపోయెను.

ఈ పత్రముల ప్రయోజనము రాజుల కథలతో ముగియదు. 1858లో నేర్పడిన ఇనాము కమీషను గ్రామగ్రామమునందలి యినాములను విచారించి, దాత యెవరో, దానకారణమేమో, అనుభవించువారెవరో, విస్తీర్ణమెంతయో వ్రాయించెను. ఒక యగ్రహారమును ఏ పండితకుటుంబము లనుభవించెనో, ఒక చెఱువునకు మాన్యమెందు కీయబడెనో యందు తెలియవచ్చును. న్యాయస్థానమున భూమిహక్కును నిరూపించుకొనుటకును రైతున కట్టి పత్రములే యాధారము.

కొంద ఱిట్లనవచ్చును: "పత్రములు జీర్ణములు, పలువురు తాకినచో నశించును, మూసియుంచుటయే రక్షణము." ఇది యుక్తము కాదు. 2024వ సంవత్సరము జూలై 21వ తేది రాత్రి మదనపల్లె సబుకలెక్టరు కచ్చేరిలో నిప్పంటుకొని భూసంబంధమైన కాగితములు పెక్కులు దగ్ధమయ్యెను. అది యెట్లు సంభవించెనో నిర్ణయించుట న్యాయవిచారణకు చెందిన పని. మనము గ్రహింపవలసిన దొక్కటి: మూసిన తలుపు కాగితమును కాపాడజాలదు. రెండవ ప్రతి వేఱొకచోట నున్నయెడల అగ్ని కాగితమును దహించినను విషయము నిలుచును. మెకంజీ సేకరింపించిన కైఫీయతులు జీర్ణించుచుండగా బ్రౌను దొర ప్రతులు వ్రాయించెను. అందుచేతనే యనేక గ్రామముల పూర్వవృత్తాంతములు నేడు మనకు లభించుచున్నవి.

2005 నాటి సమాచారహక్కు చట్టము, దప్తరములకు పట్టికలు వ్రాసి క్రమపఱచి యుంచుటను అధికారులకు విధిగా జేసినది. ఇరువదేండ్లు దాటిన విషయములను, కొన్ని మినహాయింపులు తప్ప, అడిగినవారికి తెలుపవలయునని చెప్పినది. విధి యున్నది, అనుష్ఠానము కావలయును. ప్రతి కచ్చేరియందును గ్రామనామానుక్రమణిక తెలుగున నుండుట యావశ్యకము. ప్రాతపత్రములకు ఛాయాప్రతులు తీయించి వేఱొక స్థలమున భద్రపఱుపవలయును. అడుగువారు లేని దప్తరము చెదల పాలగును గనుక, పాఠశాలాపండితులు తమ గ్రామపు ఇనాము పత్రమునకు ప్రతి నడిగి తెచ్చి, బాలురచే చదివింతురుగాక.