తెల్లచుక్క రాలిపోయాక

సముద్రపు చేపలను తొట్టిలో పెంచడం మొదలైన చాలా కాలానికి గానీ వాటి జబ్బులను గుర్తించే విద్య రూపు కట్టలేదు. లండన్ జూలో ప్రజల కోసం తొలి అక్వేరియం 1853లో తెరుచుకుంది. మరుసటి ఏడాది ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ హెన్రీ గాస్ అక్వేరియంపై రాసిన పుస్తకం వెలువడడంతో సముద్రాన్ని గాజుతొట్టిలో చూసుకునే మోజు బ్రిటన్ ఇళ్లలోకి పాకింది. ఆ తరం శ్రద్ధంతా నీటి మీదే. మొక్కలూ జంతువులూ సరిపాళ్లలో ఉంటే నీరు చెడదనీ, నీరు చెడకపోతే చేప బతుకుతుందనీ నమ్మారు. ఆ నమ్మకంలో నిజం లేకపోలేదు. కానీ తేటనీటిలోనూ కొత్త చేప ఎందుకు చనిపోతుందో అది చెప్పలేకపోయింది.

న్యూయార్క్ అక్వేరియం చేపల మీద ఉన్న ఒక చదునుపురుగును 1927లో మెకాలమ్ అనే పరిశోధకుడు వర్ణించారు. చేప చర్మానికీ కళ్లకూ అతుక్కునే ఈ పురుగు గాజుముక్కలా ఉంటుంది, ఒంటిమీదే ఉన్నా కంటికి ఆనదు. చేపను కొద్ది నిమిషాలు మంచినీటిలో ఉంచితే అది తెల్లబడి రాలిపోతుంది. జబ్బు బయటపడడమూ, చికిత్స జరగడమూ ఒకే గిన్నెలో అయిపోయే ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

అంతకన్నా సూక్ష్మమైనవి మరింత ప్రమాదకరమని తేలింది. చేపల మొప్పలపై, చర్మంపై బతికే, ఏకకణజీవి అయిన ఒక డైనోఫ్లాజెల్లేట్‌ను 1931లో లండన్‌లో ఇ. ఎం. బ్రౌన్ వర్ణించారు. దాని జీవితచక్రాన్ని 1936లో న్యూయార్క్ అక్వేరియానికి చెందిన రాస్ నిగ్రెల్లి విప్పి చూపారు. దీన్నే పెంపకందారులు వెల్వెట్ అంటారు. ఒంటిమీద పసుపు పొడి చల్లినట్టు కనిపించేలోపే మొప్పలు పాడైపోతాయి కాబట్టి, మొదట చూడవలసింది చర్మం కాదు, ఊపిరి. మొప్పల మూతలు గబగబా కొట్టుకోవడం, నీటిపంపు ధార దగ్గరే చేప నిలబడిపోవడం దాని తొలి గుర్తులు.

తెల్లచుక్క జబ్బును జపాన్‌లో సికామా 1937లోనే గమనించినా, దాన్ని కలిగించే జీవికి క్రిప్టోకేరియన్ ఇరిటాన్స్ అని 1951లో పేరు పెట్టినది కూడా బ్రౌనే. ఈ జీవి మోసమంతా దాని కాలక్రమంలో ఉంది. అది చేప చర్మం కింద కొద్దిరోజులు తిని, బలిసి, రాలిపోతుంది. చుక్కలు పోయాయని యజమాని ఊరట పడతాడు. నిజానికి అప్పుడే అది తొట్టి అడుగున కోశం కట్టుకుని, వందలుగా చీలి, కొత్త చేపను వెతికే ఈతపిల్లలను తయారుచేసుకుంటూ ఉంటుంది. చుక్క మాయమవడం స్వస్థత కాదని గ్రహించడమే ఈ చరిత్రలో అసలైన మలుపు.

మందు దొరికింది శాన్‌ఫ్రాన్సిస్కోలో. స్టైన్‌హార్ట్ అక్వేరియంకు చెందిన రాబర్ట్ డెంప్‌స్టర్ వెల్వెట్‌పై మైలుతుత్తం పనిచేస్తుందని 1955లో ప్రకటించారు. రైతులకు తరతరాలుగా తెలిసిన ఆ నీలిరాయే ఇక్కడా అక్కరకొచ్చింది. అందులోని రాగి ఈతపిల్లలను చంపుతుంది గానీ కోశం లోపలికి పోలేదు. అందుకే లీటరుకు సుమారు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగిని వారాల తరబడి నిలిపి ఉంచాలి. తగ్గితే పరాన్నజీవి బతుకుతుంది, పెరిగితే చేప మొప్పలు కాలుతాయి. పగడపు రాళ్లు రాగిని పీల్చుకుంటాయి కనుక మోతాదును రోజూ పరీక్షించక తప్పదు. పైగా రొయ్యలు, పగడాలు, సముద్రపు పూలు రాగికి తట్టుకోలేవు. చేపకు మందు వెయ్యాలంటే దాన్ని విడిగా మరో తొట్టిలో పెట్టాలి. రాళ్లూ ఇసుకా లేని క్వారంటైన్ తొట్టి అవసరం ఈ మందుతోనే మరింత గట్టిపడింది.

విమానాల్లో ప్లాస్టిక్ సంచులలో దూరదేశాల చేపలు రావడం మొదలయ్యాక కొత్త చిక్కులు వచ్చాయి. 1960లలో ఫిలిప్పీన్స్‌లో అలంకార చేపలను సయనైడ్‌తో మత్తెక్కించి పట్టడం వ్యాపించింది. అలా పట్టిన చేప పైకి చక్కగా కనిపించినా కొన్నాళ్లకే చనిపోవచ్చు, దానికి ఏ పరాన్నజీవి మందూ పనికిరాదు. 1970లో లోమ్, నిగ్రెల్లి వర్ణించిన బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి క్లౌన్ చేపల ఒంటిపై జిగురు పొరలుగా ఊడేలా చేస్తుంది. దానిపై రాగి పనిచేయదు, ఫార్మాలిన్ కావాలి. కాబట్టి మందు వేసేముందు జబ్బేదో తేల్చుకోవడం తప్పనిసరి అయింది.

ఇజ్రాయెల్‌లోని ఐలాత్‌లో కొలోర్నీ 1985లో నీటి ఉప్పదనం తగ్గించి తెల్లచుక్కను అదుపు చేయవచ్చని చూపారు. కోశాలు పగిలేలోపే చేపను మూడేసి రోజులకొకసారి శుభ్రమైన తొట్టికి మార్చే పద్ధతి కూడా ఆ జీవితచక్రాన్ని చదివి అల్లినదే. కోశాల్లో కొన్ని 72 రోజుల దాకా పిల్లలను వదులుతాయని తర్వాతి పరిశీలనల్లో తేలింది. అందువల్ల జబ్బుచేప ఉన్న పెద్ద తొట్టిని దాదాపు రెండున్నర నెలలు చేపలు లేకుండా వదిలేస్తారు. ఆలోగా ఆ చేపలు పక్క తొట్టిలో కోలుకుంటూ ఉంటాయి.