చెరువుకట్ట మీద ఆడపడుచు మాట

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



రాణి అనగానే మీకు ఏం గుర్తుకొస్తుంది? నిజం చెప్పండి. హంసతూలికా తల్పం, చుట్టూ చెలికత్తెలు, చేతిలో తామరపువ్వు. రాజుగారు యుద్ధానికి బయలుదేరితే నుదుట వీరతిలకం దిద్దడం, ఆయన తిరిగి వచ్చేదాకా మేడ మీద నిలబడి ఎదురుచూడడం. లేదా పెద్దరాణి, చిన్నరాణి కయ్యం. సినిమాలూ కథల పుస్తకాలూ మనకు నేర్పింది ఇంతే. మరి ఆ కాలపు రాణులు నిజంగా చేసింది ఇంతేనా? వాళ్ళ చేతిలో అధికారం ఏమైనా ఉండేదా, లేక ఒంటి మీద నగలు మాత్రమేనా?

ఈ ప్రశ్నకు జవాబు నాకు ఏ పెద్ద గ్రంథాలయంలోనో దొరకలేదు. ఒక చెరువుకట్ట మీద దొరికింది. ఆ సంగతే ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

ఆ మధ్య మేము భద్రాచలం వెళ్ళి, రాములవారి దర్శనం చేసుకుని తిరిగివస్తూ దారి కొంచెం మళ్ళించి బయ్యారం వెళ్ళాం. పాల్వంచ, కొత్తగూడెం, ఇల్లెందు దాటి వస్తుంటే ఒక పక్క బొగ్గు గనులు, ఒక పక్క అడవి. బయ్యారం ఎన్నో ఏళ్ళు ఖమ్మం జిల్లాలోనే ఉండేది. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మహబూబాబాదు జిల్లాలోకి వెళ్ళింది. అక్కడి పెద్దచెరువు చూడవలసిందే. చుట్టూ గుట్టలు, ఆ గుట్టల నడుమ నీళ్ళు, ఆ నీళ్ళ క్రింద పచ్చని పొలాలు. కట్ట క్రింద నాట్లు వేసి గట్టు మీద కూర్చున్న ఒక ముసలమ్మను పలకరించాను.

"అవ్వా, ఈ చెరువు ఎవరు తవ్వించారు?" అన్నాను.

"ఎన్కట రాజులు తవ్విచ్చిండ్రు బిడ్డా" అంది ఆమె, ఇది కూడా తెలియదా అన్నట్టు.

అదేనమ్మా మన చిక్కంతా! ఎక్కడ ఏ పాత చెరువు చూసినా, గుడి చూసినా, "రాజులు కట్టించారు" అంటాం. ఆ రాజుల్లో ఆడవాళ్ళు ఉండవచ్చని మనకు తోచదు. ఈ చెరువు కట్టించింది రాజు కాదు. రాజుగారి చెల్లెలు. పేరు మైలాంబ, మైలమ అని కూడా అంటారు. కాకతి గణపతిదేవ చక్రవర్తి తోబుట్టువు. క్రీ.శ. 1219 ప్రాంతంలో ఆమె ఈ చెరువు కట్టించి, దానికి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టి, శాసనం వేయించింది.

ఇంతకూ ఈ మైలాంబ ఎవరి ఇంటి పిల్ల, ఎవరి ఇంటి కోడలు? ఆమె తండ్రి మహాదేవుడు. తల్లి బయ్యమాంబ. బయ్యారం అన్న పేరు ఆ తల్లి పేరు మీదనే వచ్చిందంటారు. మహాదేవుడు దేవగిరి యాదవుల మీదికి యుద్ధానికి పోయి అక్కడే ప్రాణం వదిలాడు. కొడుకు గణపతి శత్రువుల చేతికి చిక్కి బందీ అయ్యాడు. ఒక్కసారి ఆ ఇంటిని ఊహించుకోండి. ఇంటి యజమాని లేడు. కొడుకు చెరలో ఉన్నాడు. సామంతులు ఎప్పుడు తిరగబడతారో తెలియదు. రేచర్ల రుద్రుడనే సేనాని రాజ్యాన్ని నిలబెట్టాడు. 1199 నాటికి గణపతి విడుదలై వచ్చి సింహాసనం ఎక్కాడు. కష్టకాలం చూసిన ఇల్లు అది. ఆ ఇంటి పిల్ల మైలాంబ.

ఆమెను నతవాడి రుద్రుడికి ఇచ్చి పెళ్ళి చేశారు. నతవాడి అంటే ఇప్పటి మధిర, నందిగామ వైపు సీమ. చెల్లెలు కుందమాంబను కూడా అతనికే ఇచ్చారు. మనకివాళ ఇది వింతగా ఉంటుంది. కాని ఆ కాలంలో రాచపిల్ల పెళ్ళి అంటే అది ఇద్దరి మధ్య పెళ్ళి కాదు, రెండు రాజ్యాల మధ్య ఒడంబడిక. కత్తితో గెలిచిన సామంతుణ్ణి నిలుపుకోవాలంటే పిల్లనిచ్చి చుట్టరికం కలుపుకోవాలి. పిల్లను అడిగారా, ఆమె మనసేమిటి అన్నది శాసనాల్లో ఉండదు. రాణుల అధికారం గురించి మాట్లాడేటప్పుడు ముందు ఈ మాట ఒప్పుకోవాలి. వాళ్ళు చదరంగంలో పావులుగానే మొదలయ్యారు.

కాని పావుగా వెళ్ళిన పిల్ల పావుగానే మిగిలిపోయిందా? అక్కడే ఉంది అసలు సంగతి.

చెరువు కట్టించడమంటే మాటలు కాదు. రెండు గుట్టల నడుమ వాగు ఎక్కడ ఇరుకుగా ఉందో చూసుకోవాలి. కట్ట పోయించాలి. పొలానికి నీళ్ళు వదలడానికి తూము పెట్టాలి. వరద ఎక్కువైతే కట్ట తెగకుండా అలుగు కట్టాలి. వడ్డెవాళ్ళకూ కూలీలకూ ఏళ్ళ తరబడి తిండీ బత్తెమూ చూడాలి. చెరువును బాగు చేసేవాళ్ళకు దాని క్రింది భూమిలో పదో వంతు 'దశబంధం' అని ఇచ్చేవారు. ఇదంతా చేయించాలంటే చేతిలో సొమ్ముండాలి, మాటకు చెల్లుబాటుండాలి. మంచం మీద కూర్చుని తామరపువ్వు వాసన చూసే రాణికి ఇది సాధ్యమా చెప్పండి?

మన పెద్దలు సప్త సంతానాలని చెప్పేవారు. కొడుకు, నిధి, గుడి, అగ్రహారం, తోట, కావ్యం, చెరువు. కొడుకు పుట్టకపోయినా చెరువు తవ్విస్తే సంతానం కలిగినట్టేనట. కొడుకును కనలేదని కోడళ్ళను సాధించిన ఈ దేశంలోనే ఈ మాట కూడా ఉంది! ఆ వెసులుబాటును మన ఆడవాళ్ళు ఎంత బాగా వాడుకున్నారో శాసనాలు చూస్తే తెలుస్తుంది. చెల్లెలు కుందమాంబ కూడా గోదావరి తీరాన చెన్నూరు వైపు కుందవరంలో శాసనం వేయించింది.

ఇక మైలాంబ శాసనంలో అన్నిటికంటే గొప్ప విశేషం చెబుతాను. చెరువు కట్టించానని రెండు ముక్కలు వ్రాయించి ఊరుకోలేదు ఆమె. తన పుట్టింటి వంశమంతా వరుసగా చెక్కించింది. మూలపురుషుడు వెన్నడు, తరువాత వరుసగా ముగ్గురు గుండరాజులు, ఆ పైన ఎఱ్ఱ, బేతరాజు, ప్రోలరాజు, ఇలా తన అన్న గణపతి దాకా. కాకతీయుల తొలి తరాల వరుస కట్టడానికి చరిత్రకారులకు ముఖ్యమైన ఆధారం ఈ రాయే. 956 నాటి మాంగల్లు తామ్రశాసనంతో దీన్ని కలిపి చదువుకునే ఆ వంశపు మొదళ్ళు తేల్చుకున్నారు.

చూశారా! అంత పెద్ద వంశం. ఓరుగల్లు కోట కట్టారు, వేయిస్తంభాల గుడి కట్టారు, దండయాత్రలు చేశారు. తాతముత్తాతల పేర్లు మాత్రం ఇంత వరుసగా గుర్తు పెట్టుకుని రాతి మీద పెట్టింది అత్తవారింటికి వెళ్ళిన ఆడపడుచు. మన ఇళ్ళల్లోనూ అంతే కదూ? తాతగారి పేరేమిటి, ఏ ఊరినుంచి వచ్చారు, ఎవరికి ఎవరు ఏమవుతారు అని అడిగితే మగవాళ్ళు తల గోక్కుంటారు. వంటింట్లోంచి అమ్మమ్మో మేనత్తో చెబుతుంది. కాకపోతే మైలాంబ రాతి మీద వ్రాయించింది. మన అమ్మమ్మల మాట గాలిలో పోతోంది.

ఈ కాకతీయుల ఇంట మైలాంబ ఒక్కతే కాదు. అసలు ఆ రాజ్యం తొలి అడుగుల్లోనే ఒక ఆడమనిషి ఉంది. క్రీ.శ. 1000 ప్రాంతంలో కాకతి గుండన చనిపోతే పిల్లవాడు బేతన దిక్కులేనివాడయ్యాడు. అప్పుడు విరియాల ఎఱ్ఱన భార్య కామసాని పూనుకుని, చాళుక్య చక్రవర్తితో మాట్లాడి, ఆ పిల్లవాడికి అనుమకొండ ఇప్పించి నిలబెట్టింది. ఈ సంగతి గూడూరు శాసనం చెబుతోంది. కామసాని కలుగజేసుకోకపోతే ఓరుగల్లు కథ మొదలయ్యేదే కాదేమో!

గణపతిదేవుడి కూతురు గణపాంబను ధరణికోట ఏలే కోట బేతరాజుకు ఇచ్చారు. భర్త పోయాక ఆమె మూల కూర్చోలేదు. ఆ సీమను తానే ఏలింది. భర్త పేరున బేతేశ్వరాలయం కట్టించింది.

ఇంకో కూతురు మీకందరికీ తెలిసిన రుద్రమదేవి. 1262 ప్రాంతం నుంచి 1289 దాకా రాజ్యం చేసింది. తండ్రి ఆమెకు రుద్రదేవ మహారాజని మగపేరు పెట్టి సింహాసనం ఎక్కించాడు. ఆడపిల్లకు రాజ్యం ఇవ్వడానికి కూడా మగపేరు కావలసివచ్చిందన్నమాట! ఆ వెనకటి తరంలోనే ఢిల్లీలో రజియా సుల్తానా 1236లో గద్దెనెక్కింది. నాలుగేళ్ళు తిరక్కముందే సర్దారులు ఆమెను దించేశారు. ఈజిప్టులో షజరుద్దుర్ అనే ఆమె 1250లో గద్దెనెక్కితే మూడు నెలలైనా నిలవనివ్వలేదు. మన రుద్రమ పాతికేళ్ళకు పైగా నిలిచింది. దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తి వచ్చినప్పుడు ఏం జరిగిందన్నదానికి రెండు కథలున్నాయి. ఆడది కదా అని మా రాజు విడిచిపెట్టాడని యాదవుల పండితుడు హేమాద్రి వ్రాసుకున్నాడు. తరిమి తరిమి కొట్టిందని మనవాళ్ళు చెప్పుకున్నారు. బీదరు కోటలో రుద్రమ శాసనం దొరికింది. ఎవరు ఎవరిని విడిచిపెట్టారో మీరే ఊహించుకోండి.

అయితే నాకు రుద్రమ కత్తికంటే ఆమె మల్కాపురం శాసనం ఎక్కువ ఇష్టం. 1261లో గుంటూరు సీమలో మందడం గ్రామాన్ని విశ్వేశ్వర శంభువనే గురువుకు ఇచ్చినప్పటి శాసనం అది. అక్కడ గుడీ మఠమూ మాత్రమే కాదు, చదువుకోవడానికి పాఠశాల, జబ్బు చేసినవారికి ఆరోగ్యశాల, ఆడవాళ్ళకు ప్రసూతిశాల కూడా ఏర్పాటయ్యాయి. దాదాపు 760 ఏళ్ళ క్రితం పురిటి ఆసుపత్రి! పురుడంటే చావు బ్రతుకుల మధ్య గీత అని ఎరిగినవాళ్ళు ఆ ఏర్పాటు వెనుక ఉన్నారనిపిస్తుంది నాకు.

చివరికి రుద్రమ కథ ఎలా ముగిసిందో కూడా ఒక రాయే చెప్పింది. నల్లగొండ సీమ చందుపట్లలో 1289 నవంబరు 27 నాటి శాసనం ఉంది. రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యంగా ఒక సేవకుడు భూమి దానం చేశాడు. కాయస్థ అంబదేవుడితో జరిగిన యుద్ధంలో ఇద్దరూ పోయారని చరిత్రకారులు భావిస్తారు.

ఇంతవరకు కోటలోని ఆడవాళ్ళ సంగతి. మరి అడవిలోని వాళ్ళు? అది చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు.

రుద్రమ తరువాత ఆమె కూతురి కొడుకు ప్రతాపరుద్రుడు రాజయ్యాడు. అతని కాలపు కథగా గోదావరి అడవుల్లోని కోయవాళ్ళు సమ్మక్క సారలమ్మల గాథ చెప్పుకుంటారు. సమ్మక్క చిన్నపిల్లగా పులుల మధ్య ఆడుకుంటూ కోయదొరలకు దొరికిందట. పెరిగి పగిడిద్దరాజును పెళ్ళాడింది. కరువు వచ్చింది. పంటలు లేవు. అయినా ఓరుగల్లునుంచి పన్ను కట్టమని కబురు. కట్టలేమన్నారు. సైన్యం వచ్చింది. యుద్ధంలో కూతురు సారలమ్మ పోయింది, కొడుకు జంపన్న సంపెంగవాగులో పడి ప్రాణం వదిలాడు. అది ఇవాళ జంపన్నవాగు. సమ్మక్క గాయాలతో చిలకలగుట్ట వైపు వెళ్ళి కనిపించకుండా పోయింది. వెతికినవాళ్ళకు కుంకుమ భరిణె దొరికిందట.

ఇప్పటికీ రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి మేడారంలో జాతర. అక్కడ విగ్రహం లేదు. కోయ పూజారులు గుట్ట మీదనుంచి తెచ్చే కుంకుమ భరిణే దేవత. భక్తులు నిలువెత్తు బెల్లం తూచి ఇస్తారు. దాన్ని బెల్లమనరు, బంగారం అంటారు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక పక్క కోటలోనుంచి చెరువులూ ప్రసూతిశాలలూ ఇచ్చిన రాణులు. ఇంకో పక్క ఆ కోటకు కట్టవలసిన పన్ను కట్టలేక బిడ్డలను పోగొట్టుకున్న అడవితల్లి. రాణి చేతిలో అధికారముంటే మంచి జరిగిన మాట నిజం. ఆ అధికారం ఖర్చు ఎవరో ఒకరు మోశారన్నదీ నిజం. ఒకరిని పొగడడానికి ఇంకొకరిని మరచిపోనక్కరలేదు. కోటలో రాణి రాతి మీద వ్రాయించుకుంది. అడవి రాణికి రాయి లేదు, రాసేవాడు లేడు. అయినా జనం నోట నిలిచింది. నిజం చెప్పాలంటే ఇవాళ మైలాంబ పేరు తెలిసినవాళ్ళకంటే సమ్మక్క పేరు తెలిసినవాళ్ళే ఎన్నో రెట్లు ఎక్కువ.

బయ్యారం చెరువుకట్ట మీద ఆ ముసలమ్మకు నేను చెప్పాను. "రాజు కాదు అవ్వా, రాజుగారి చెల్లెలు తవ్వించింది. మైలమ్మ అని" అన్నాను.

ఆమె కాసేపు నీళ్ళవైపు చూసింది. "అట్లనా! ఆడపడుచు తవ్విచ్చిందా? ఇన్నేండ్ల సంది ఈ నీళ్ళతోనే బతుకుతున్నం, ఒక్కడన్నా చెప్పలే" అంది. తరువాత పక్కనున్న కోడలిని పిలిచి, "ఇంటివా, ఆమె పేరు మైలమ్మనట" అని చెప్పింది.

ఆ ఒక్క మాటతో నా ప్రయాణం సఫలమైందనిపించింది. అత్త చెప్పింది, కోడలు విన్నది. రేపు ఆ కోడలు తన కూతురికి చెబుతుంది.

మీరు కూడా ఒక పని చేయండి. ఈసారి భద్రాచలమో, మేడారమో వెళ్ళినప్పుడు, పాత చెరువో గుడో కనబడితే, ఇది ఎవరు కట్టించారని అడగండి. "రాజులు" అని జవాబు వస్తే అక్కడితో ఆగకండి. ఆ రాజుకు తల్లి ఎవరు, చెల్లెలు ఎవరు అని మళ్ళీ అడగండి. ఇంటికి వచ్చాక తీరిక చూసుకుని మీ అమ్మమ్మ పేరు, ఆమె తల్లి పేరు, ఆమె పుట్టిన ఊరు ఒక నోటు పుస్తకంలో వ్రాసి పెట్టండి. మనకు రాతి శాసనం వేయించే స్తోమత లేకపోవచ్చు. పెన్సిలు, కాగితం ఉన్నాయి కదా!