పత్తిని చంపి జొన్నను వదలిన శిలీంధ్రము

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున మన నల్లరేగడిని పోలిన భూములు విశేషముగా ఉన్నవి. 19వ శతాబ్ది చివరి భాగములో అక్కడి పత్తి రైతులను ఒక వింత తెగులు కలవరపెట్టింది. నడివేసవిలో, పూతా కాయా మీదనున్న మొక్కలు ఉన్నట్టుండి వాడి, కొద్ది దినములలోనే ఎండిపోయేవి. ఆకులు మాత్రము రాలక మొక్కనే అంటిపెట్టుకొని వ్రేలాడేవి. చచ్చిన మొక్కలు చేనంతటా చెదరి ఉండక గుండ్రని మచ్చలవలె ఒకచోట కనిపించేవి. ఆ మచ్చలు నానాటికి విస్తరించేవి. మొక్కను పట్టి లాగితే కుళ్ళిన వేరుతో తేలికగా ఊడివచ్చేది.

1888లో ఎల్. హెచ్. పామెల్ అను యువ వృక్షశాస్త్రజ్ఞుడు ఈ చేలను పరిశీలించాడు. (జార్జి వాషింగ్టన్ కార్వర్‌కు తరువాతి కాలమున అయోవాలో గురువైనవాడు ఇతడే.) కుళ్ళిన వేళ్ళమీద అల్లుకొన్న సన్నని పోగులు ఒక శిలీంధ్రమునకు చెందినవనియు, మరణమునకు అదే కారణమనియు అతడు తెలిపాడు. 1916లో డుగ్గర్ దీనికి ఫైమటోట్రైకమ్ ఆమ్నివోరమ్ అని పేరు పెట్టాడు. ఆమ్నివోరమ్ అనగా సర్వభక్షకము. ఆరియోమైసిన్ అను ఔషధమును పిమ్మట కనుగొన్నది కూడ ఈ డుగ్గరే. నేటి గ్రంథములలో శిలీంధ్రము పేరు ఫైమటోట్రైకాప్సిస్ ఆమ్నివోరా.

పేరు సర్వభక్షకమేగాని దాని భోజనమునకు ఒక హద్దు ఉన్నది. పత్తి, బెండ ఒకే కుటుంబములోనివి గనుక రెండూ లొంగుట వింత కాదు. కాని చిక్కుడు కుటుంబమునకు చెందిన లూసర్న్, తూటికూర కుటుంబపు చిలగడదుంప, గులాబి కుటుంబపు ఆపిల్ చెట్టు కూడ దీనికి బలియయ్యేవి. అదే మచ్చలో నిలిచిన జొన్న, మొక్కజొన్న, గోధుమ, ఓట్లు మాత్రము పచ్చగా ఉండేవి. ఉల్లికి కూడ భయము లేదు. ఈ భేదము గింజలోనే కనబడును. నానిన శనగగింజను నలిపితే రెండు బద్దలగును. జొన్నగింజ అట్లు విడిపోదు. ద్విదళబీజములు లొంగును, ఏకదళబీజములు లొంగవు. వ్యవసాయ శాస్త్రమున ఇంత స్పష్టమైన విభజన అరుదు.

ఈ సంగతి రైతుకు గొప్ప ఆశ కల్పించింది. రెండు మూడేండ్లు జొన్నయో మొక్కజొన్నయో వేస్తే ఆహారము దొరకక శిలీంధ్రము నశించునుగదా! పంటమార్పిడి సలహా అట్లు వ్యాపించింది. ఆచరించినవారికి కొంత మేలు కలిగిన మాట నిజమే. కాని అనేక చోట్ల, తిరిగి పత్తి వేయగానే ఒకటి రెండేండ్లలో పాత మచ్చలు మళ్ళీ కనబడ్డవి. తప్పు రైతుదని అనుటకు వీలులేదు.

కారణము 1929లో బయటపడింది. అరిజోనాలో పనిచేయుచుండిన కింగ్, లూమిస్ అనువారు ఆవగింజలవంటి చిన్న గుళికలను ఈ శిలీంధ్రము మట్టిలో ఏర్పరచుట కనుగొన్నారు. ఇవి స్క్లిరోషియములు. ఆహారము లేకున్నను ఐదేండ్లకు పైగా ఇవి బ్రతికి ఉండగలవు. రెండు మీటర్ల లోతున కూడ దొరికినవి. నాగలి అంత లోతుకు పోదు. జొన్న వేసినన్నాళ్ళు శత్రువు నిద్రించినదేగాని చావలేదన్నమాట.

1936లో టాబెన్‌హాస్, ఎజికియల్ అను శాస్త్రజ్ఞులు మొక్కలను లొంగుబాటును బట్టి తరగతులుగా వర్గీకరించి ప్రకటించారు. లొంగే ద్విదళబీజ జాతులు 2,000కు మించినవని నేటి లెక్క. అయితే లొంగే మొక్క అయినంత మాత్రమున ప్రతి పంటా పోదు. శిలీంధ్రమునకు వేడినేల కావలెను. కనుక శీతకాలములో పెరిగి, ఎండలు ముదరక ముందే కోతకు వచ్చే కూరగాయలు తప్పించుకొనును. ఏకదళబీజముల రక్షణకు మూలమేమని వెదకి, 1938లో ఎజికియల్, ఫజ్ అనువారు వాటి వేళ్ళలో ఈథర్‌లో కరిగే పదార్థములు శిలీంధ్రపు పెరుగుదలను అడ్డగించునని సూచించారు.

ఈ శిలీంధ్రము అమెరికా నైరుతి భాగమునకు, ఉత్తర మెక్సికోకు చెందినది. మన పత్తిచేలలో వేరుకుళ్ళు కలిగించే రైజోక్టోనియా వేరు. టెక్సాస్ సూత్రమును దానికి అన్వయించరాదు. అక్కడి రైతులకు 2012లో ఫ్లూట్రియఫాల్ అను మందు వాడుటకు అత్యవసర అనుమతి లభించింది. విత్తునాడు సాలులో పడిన ఆ మందు లేతవేరును కాపాడును. లోతున ఉన్న గుళికలు మాత్రము అట్లే ఉండును.