కుక్కకు ఎనిమిది అణాలు

1832 జూన్ 6. బొంబాయి కోట ప్రాంతంలో వీధికుక్కల్ని వెతికి చంపుతున్న ఇద్దరు కానిస్టేబుళ్ల మీద జనం తిరగబడ్డారు. వారిలో ఎక్కువమంది పార్సీలు. మర్నాడు అంగళ్లు తెరవలేదు. కొలాబాలోని సైనికులకు వెళ్లాల్సిన సరుకుల్ని దారిలోనే అడ్డుకున్నారు. హిందువులు, ముస్లింలు కూడా సమ్మెలో కలిశారు. ప్రభుత్వం సైన్యాన్ని దించాల్సి వచ్చింది. చరిత్రలో ఇది ‘బొంబాయి కుక్కల అల్లర్లు’గా నిలిచింది.

పిచ్చికుక్కల భయంతో ఎండాకాలంలో దిక్కులేని కుక్కల్ని చంపే ఏర్పాటు ఈస్టిండియా కంపెనీ పాలనలో అంతకుముందు నుంచే ఉంది. చంపిన ప్రతి కుక్కకూ ఎనిమిది అణాల బహుమతి. ఆ డబ్బు కోసం పెంపుడు కుక్కల్ని కూడా ఇళ్లలోంచి ఈడ్చుకుపోతున్నారన్నది జనం ఫిర్యాదు. పార్సీలకు కుక్క పవిత్రం. మరణించిన మనిషి దగ్గరకు కుక్కను తీసుకొచ్చి చూపించే ‘సగ్‌దీద్’ వారి అంత్యక్రియల్లో ముఖ్యమైన ఆచారం. జంషెడ్జీ జీజీభాయ్ వంటి పెద్దలు మధ్యవర్తిత్వం చేశాక, కుక్కల్ని చంపకుండా ఊరి బయటకు తరలించడానికి ప్రభుత్వం ఒప్పుకుంది.

జనం కోపంలో న్యాయం ఉంది. సర్కారు భయమూ ఉత్తదేం కాదు. ఆ రోజుల్లో పిచ్చికుక్క కరిస్తే మందు లేదు. పాశ్చర్ టీకా 1885లో వచ్చింది. మన దేశంలో కసౌలీలో 1900లో, దక్షిణాదికి కూనూరులో 1907లో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన టీకానే మన పెద్దవాళ్లు ‘బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు’ అని తలచుకునేది. కరిచిన కుక్క ఎవరిదో, దానికి టీకా పడిందో లేదో తెలియకపోతే ఆ సూదులన్నీ భరించాల్సి వచ్చేది.

చంపితే సమస్య తీరుతుందా అన్న ప్రశ్నకు మద్రాసు జవాబు చెప్పింది. అక్కడ కార్పొరేషన్ 1860 ప్రాంతంలోనే కుక్కల్ని పట్టి చంపడం మొదలుపెట్టింది. జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్ చెప్పే లెక్క ప్రకారం తొలినాళ్లలో రోజుకు ఒక కుక్కకు మించి చంపలేదు. 1995 నాటికి ఆ సంఖ్య రోజుకు 135కు చేరింది. ఇన్నేళ్లు చంపినా వీధుల్లో కుక్కలు తగ్గలేదు. కారణం కనిపెట్టడం కష్టం కాదు. ఒక వీధి ఖాళీ అయితే, అక్కడి చెత్తకుప్పలో తిండి ఉన్నంతకాలం పక్క వీధి కుక్కలు వచ్చి చేరతాయి. ఆడకుక్క చూలు కట్టిన రెండు నెలలకే ఈనుతుంది, ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. చంపే చేయి ఆ వేగాన్ని అందుకోలేదు.

పట్టిన కుక్కకు సంతానం కలగకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమని బ్లూ క్రాస్ 1964లోనే ప్రతిపాదించింది. కార్పొరేషన్ ఒప్పుకున్నది తొంభైల మధ్యలో. 2001లో కేంద్రం ఇదే పద్ధతిని దేశమంతటికీ నిబంధనలుగా తెచ్చింది. 2023లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతంలోని వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్న సుప్రీంకోర్టు, పదకొండు రోజులకే ఆ ఆదేశాన్ని సవరించింది. రేబిస్ సోకినవీ, మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా తర్వాత తిరిగి వదలమంది. తిండి పెట్టేవారు ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదని, అందుకు చోట్లు కేటాయించాలని కూడా చెప్పింది.

ఈ చర్చంతా వీధి చుట్టూనే తిరిగింది. ఇంటి గడప దాటి లోపలికి ఎవరూ చూడలేదు. నిజానికి 2001 నిబంధనల్లోనే ఒక వాక్యం ఉండేది: పెంపుడు కుక్క సంతాన నియంత్రణ, టీకాలు, ఆపరేషన్, లైసెన్సు యజమాని బాధ్యత. దాన్ని ఎంతమంది పట్టించుకున్నారు? ముచ్చటపడి తెచ్చుకున్న జాతికుక్క ముసలిదైతేనో, జబ్బుపడితేనో, ఇల్లు మారాల్సి వస్తేనో ఊరి చివర దింపి వస్తున్నారు. ఆపరేషన్ చేయించని కుక్కను వీధిలోకి వదిలి, పుట్టిన పిల్లల్ని గోనెసంచిలో పెట్టి ఎక్కడో పారేస్తున్నారు. పెంపుడు జంతువును అకారణంగా ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. కానీ మొదటిసారి దొరికితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు! ఇంత చవకైన నేరానికి ఎవరు భయపడతారు?

ఆ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించేది దింపి వచ్చినవాళ్లు కాదు. కారులో తిరిగేవారిని కుక్క కరవదు. వీధిలో ఆడుకునే పిల్లలనీ, తెల్లవారుజామున పనికి నడిచి వెళ్లేవారినీ కరుస్తుంది. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా టీకా వేయించుకుంటే ఆ చావును దాదాపు పూర్తిగా తప్పించవచ్చు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకాలు పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ 70 శాతంలో మన ఇంటి కుక్క కూడా లెక్కలోదే.

ఆపరేషన్లు, టీకాలు, చెత్త తొలగింపు మున్సిపాలిటీ పని. అది గట్టిగా అడిగి చేయించుకోవాలి. అయితే అడిగే ముందు మన కుక్కకు ఏటా టీకా వేయించామా, లైసెన్సు తీసుకున్నామా, ఆపరేషన్ చేయించామా, బయటకు తీసుకెళ్తే గొలుసు వేశామా అన్నది చూసుకోవాలి. కుక్క పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతుంది. అన్నాళ్లు చూసుకోలేమనుకుంటే పిల్లను ఇంటికి తేవద్దు. తెచ్చాక మాత్రం చివరిరోజు దాకా అది మనదే.