టిష్యూ కల్చర్ సుగంధ మొక్కలకు తొలి రెండు వారాలే గండం

వినుకొండ: పత్తి, మిరపకు ప్రత్యామ్నాయంగా సుగంధ మొక్కల వైపు చూసే పల్నాడు రైతులు టిష్యూ కల్చర్ మొక్కలను కొనేముందు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఈ మొక్కలు అధికంగా నశించేది ప్రయోగశాలలో కాదు, సీసా నుంచి వెలుపలికి వచ్చిన తొలి రెండు వారాల్లోనే.

సీసాలో పెరిగిన పిలకలను వేరుచేసి, పోషకాలను సగానికి తగ్గించిన ఎంఎస్ మాధ్యమంలో వేరు పట్టిస్తారు. మురాషిగే, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు 1962లో ప్రకటించిన మాధ్యమమిది. పచౌలి, పుదీనా సులువుగానే వేరు పోస్తాయి. గట్టి కాండం గల రోజ్‌మేరీ అంత తేలికగా లొంగదు. దానికి ఐబీఏ వంటి హార్మోను అవసరమవుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. సీసాలో గాలి తేమతో నిండి ఉంటుంది, ఆహారం చక్కెర రూపంలో అందుతుంది. అందువల్ల ఆకుపై మైనపు పొర పలుచగా ఏర్పడుతుంది, పత్రరంధ్రాలు సరిగా మూసుకోవు. అటువంటి మొక్కను నేరుగా వడగాలికి వదిలితే గంటల్లోనే వాడిపోతుంది. షేడ్‌నెట్లు, ప్రోట్రేలు మిరప రైతులకు కొత్త కావు గానీ, విత్తనం నుంచి మొలిచిన నారుకు చేసే సేవలు వీటికి చాలవు.

వేళ్లకు అంటిన అగార్‌ను గోరువెచ్చని నీటితో పూర్తిగా కడగాలి. చక్కెర మిగిలితే బూజు పడుతుంది. శుద్ధిచేసిన కొబ్బరి పొట్టులో నాటి, నీడలో పాలిథిన్ కప్పు కింద 80 నుంచి 90 శాతం తేమలో ఉంచాలి. రెండో వారం నుంచి కప్పును రోజూ కొంతసేపు తెరుస్తూ, ఆ వ్యవధిని పెంచుకుంటూ పోవాలి. వాడుతున్నాయని నీరు ఎక్కువ పోస్తే కుళ్లు తెగులు సోకుతుంది. మొత్తం మీద నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఎండ 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో ఈ పనికి దిగకపోవడమే మేలు.

కొనేటప్పుడు సీసాలో పుట్టిన ఆకులను కాక, బయటి గాలిలో వచ్చిన కొత్త ఆకులను చూడాలి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో ప్రారంభించిన ధ్రువీకరణ విధానం కింద గుర్తింపు పొందిన ప్రయోగశాలా కాదా అన్నది విచారించాలి. పచౌలికి వేరుబుడిపె నులిపురుగుల బెడద ఎక్కువ. అవి ఉన్న మిరప చేలో నాటితే శుభ్రమైన మొక్కకు పెట్టిన ఖర్చు వృథాయే. పైగా పచౌలి పాక్షిక నీడను కోరుతుంది. నిమ్మగడ్డికైతే పిలకలు, పామరోజాకైతే విత్తనం సరిపోతాయి, వాటికి టిష్యూ కల్చర్ మొక్కలు కొనవలసిన పనే లేదు.