పండినవాడు, దొంగ

పుదుచ్చేరి పట్టణమునకు తెలుగు ఛందస్సుతో పాత చుట్టరికమున్నది. 18వ శతాబ్దిలో ఇక్కడి ఫ్రెంచివారి దుబాసీ ఆనందరంగపిళ్ళ, తన దినచర్యను తమిళములో వ్రాసికొనుచునే, కస్తూరి రంగకవి రచించిన తెలుగు లక్షణగ్రంథమునకు కృతిపతి అయినాడు. దాని పేరు ఆనందరంగరాట్ఛందము. పద్యములో మాత్రలు లెక్కించు పండితునికి పోషకుడు దొరికినాడు. వీథిలో అడుగుకొక కాలు తట్టి లెక్కించు పిల్లల విద్యకు మాత్రము లక్షణము వ్రాసినవారు అరుదు.

పేర్లు వ్రాసినవారు లేకపోలేదు. ఆ శతాబ్దిదిగానే ఎన్నబడు అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో బాలక్రీడల పట్టిక పెద్దదే ఉన్నది. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో సురవరం ప్రతాపరెడ్డిగారు ఇట్టి ఆటలను ప్రత్యేకముగా చర్చించినారు. కాని పేరు మిగిలి ఆడు తీరు పోయిన ఆటలెన్నో! నిఘంటువు తెరచినచో, అది పిల్లల ఆట అని మాత్రము తెలియును. ఆ మాత్రము మనమెరుగమా?

పోకుండ మిగిలినవానిని చూడుడు. కాళ్ళాగజ్జెలో పిల్లలు కాళ్లు చాపి వరుసగా కూర్చుందురు. పాటలోని చివరి మాట ఏ కాలిపై పడునో ఆ కాలు ముడువవలెను. పంటలు వేయుట ఇంకొక పద్ధతి. ముగ్గురు చేతులు కలిపి ఊపి, అరచేయి వెల్లకిలగానో బోర్లగానో చూపుదురు. తక్కిన ఇద్దరితో కలియనివాడు పండినాడు, తప్పుకొనును. చివరకు ఇద్దరే మిగిలినచో, పండినవాడొకడు మరల వచ్చి సాయముగా చేయి వేయును. పెద్దల పంచాయతీలో ఇంత ధర్మము కనబడదు.

అనువాదకునికి ఇక్కడ ఒక చిక్కు. దొంగను హిందీ పిల్లలు కూడ చోర్ అనియే అందురు. ఏ నేరమూ చేయకముందే రెండు భాషలలోను ఆ బిరుదు సిద్ధము. కాని పండుట అను మాట హిందీలోనికి రాదు. కాయ పండి చెట్టు విడిచినట్లు ఆటగాడు వరుస విడుచునను భావము పంటలలో ఉన్నది. సమానార్థకము పెట్టగనే అది జారిపోవును.

బోల్టన్ అను అమెరికా పండితుడు 1888లో పలుదేశముల లెక్కింపు పాటలను ఒక గ్రంథముగా కూర్చి, వీని మూలము పూర్వుల చీట్లు వేయు ఆచారములలో ఉండునని ఊహించినాడు. నాకు అంత దూరము పోవలెనని తోచదు. కొట్లాట లేక ఒకరిని ఏర్పరచుటయే చాలినంత ప్రయోజనము.

ఈ సంఘరాజ్యక్షేత్రములోనే గోదావరి తీరమున యానాం తెలుగు సీమ. అచ్చటగాని ఈ పట్టణపు తెలుగు ఇండ్లలోగాని ఎవరైనా ఈ పాటలు సేకరించినచో, పాట ఒక్కటే వ్రాసికొని రాకుందురుగాక. ఎందరు కూర్చుండిరి, ఎవరి కాలితో మొదలిడిరి, ఏ మాటపై చేయి ఆగెను, పేచీ వచ్చినప్పుడు ఎవరి మాట చెల్లెను—ఇవియు వ్రాయవలెను.